డమ్మీ బిగించిన చేతులు

హిందూపురం పెనుకొండ రోడ్డులో పన్నెండేళ్లుగా మూతపడి ఉన్న తన వాటర్ సర్వీసింగ్ షెడ్డును మళ్లీ తెరుస్తానని కూతురు ఉమాదేవి అన్ననాటి నుంచి ఓబుళప్పకు అన్నం సరిగా సహించడం లేదు. ఊళ్లో తాను పనిచేసే బట్టల ఫ్యాక్టరీ ఎత్తేశాక, సూపర్‌వైజరు పని పోగొట్టుకున్న ఉమాదేవి ఈ షెడ్డునే నమ్ముకుంది. రేకులు మార్పించింది, నేలకు కొత్తగా కాంక్రీటు పోయించింది, బోరులో మోటారు దించింది. పెనుకొండలో వ్యాన్లు తిప్పే విజయ్ కుమార్ తన ముప్పై బండ్లూ ఆమె దగ్గరే కడిగిస్తానని మాటిచ్చి రెండు షరతులు పెట్టాడు. కడిగిన బండి ఆరాక అద్దాల మీద తెల్లమచ్చలు కనపడకూడదు. బండి అడుగున పేరుకున్న గ్రీజు ఉడుకునీళ్లతో పూర్తిగా వదలాలి. ఇది జరగాలంటే మంచి యంత్రం కావాలి, మంచి నీళ్లు కావాలి. ధర్మవరంలో పట్టునూలుకు రంగులు వేసే ఒక కార్ఖానాలో పాత బాయిలరు అమ్ముతున్నారని తెలిసి, పోయిన వారం ఉమాదేవి తండ్రి ముందుకొచ్చి నిలబడింది. "నువ్వు రావల్ల నాయనా. బాయిలరు సంగతి మన ఇంట్లో నీకు దప్ప ఎవరికి తెలుసు?" అంది.

పన్నెండేళ్ల కిందట ఆ షెడ్డులోనే బాయిలరు పేలింది. లారీలు కడిగే సురేంద్ర చనిపోయాడు. సురేంద్రకు బావ, బాయిలరు మంట చూసే తిరుపాలు ఒళ్లు సగం కాలింది. మంట వేసి తిరుపాలు నిద్రపోయాడనీ, అందుకే పేలిందనీ ఊరంతా నమ్మింది. పోలీసులు అదే రాసుకున్నారు. ఉమాదేవి అదే నమ్మింది. అలా చెప్పింది ఓబుళప్పే. అసలు జరిగింది వేరు. అది ఆయన ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

సోమవారం పొద్దున ఎనిమిదికల్లా తండ్రీ కూతుళ్లు పాత వ్యానులో బయల్దేరారు. ఉమాదేవి బండి తోలుతోంది. ఒడిలో తువ్వాలు పెట్టుకుని ఓబుళప్ప పక్కన కూర్చున్నాడు. అరవై తొమ్మిదేళ్ల మనిషి. మోకాళ్ల నొప్పి కన్నా, రోజూ ఏదో ఒకటి అడిగే కూతురికి జవాబు తప్పించుకోవడమే ఆయనకు పెద్ద పనైపోయింది.

"సోలారు పెట్టిస్తే ఖర్చు తక్కువ అంటాండారు నాయనా," అంది ఉమాదేవి రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "కానీ ఆ నీళ్లు కార్లకు సరిపోతాయంట, గ్రీజుకు చాలవంట. డీజిలు మంటతో నడిచే కొత్త మిషను ఇంగొకటి ఉండాది, దాని రేటు ఇని నాకు తల తిరిగింది. ఈ పాత బాయిలరు అయితే కట్టెలతో నడుస్తాది. మనకు తుమ్మకట్టె యాడైనా దొరుకుతాది. నువ్వేమంటావు?"

"చూస్తాం పా."

"చూస్తాం పా, చూస్తాం పా. నెల దినాల నుంచి ఇదే మాట. నీకు ఈ షెడ్డు తెరిచేది ఇష్టం ల్యాకపోతే ఆ మాట చెప్పు."

"ఇష్టం ల్యాక కాదు పాపా."

"మళ్ల?"

ఓబుళప్ప కిటికీలోంచి బయటికి చూశాడు. పెనుకొండ కొండ ఎడంపక్కన కనపడి, దగ్గరికొచ్చి, వెనక్కి పోయింది. శెనిక్కాయ చేన్లు ఎండి ఉన్నాయి. ఇంత చిన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికి కూడా తనలో ఓపిక మిగల్లేదనిపించింది. తిరుపాలు ఆసుపత్రి నుంచి బయటపడ్డాక ధర్మవరం పోయాడని ఎవరో అనగా విన్నాడు. అంత పెద్ద ఊరు, ఇన్ని మగ్గాలు, ఇన్ని సందులు. తమకు ఎదురుపడతాడా ఏమిటి అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

*

రంగుల కార్ఖానా రైల్వేస్టేషనుకు అవతల, సన్నటి సందు చివర ఉంది. వెదురు కర్రల మీద ఆరేసిన పట్టునూలు చుట్టల నుంచి ఎర్రనీళ్లు కారుతున్నాయి. నలుగురు ఆడవాళ్లు తొట్ల దగ్గర నూలు జాడిస్తున్నారు. యజమాని సుబ్రహ్మణ్యం తెల్ల అంగీ వేసుకుని, రంగు చుక్కలు పడకుండా అడుగులు ఏరుకుంటూ ఎదురొచ్చాడు.

"రాండి రాండి. మేము గ్యాసు మిషను తెచ్చుకున్నామమ్మా. అందుకే దీన్ని తీసేస్తాండాం. లేకుంటే అమ్మేవాణ్ణి కాదు. ఎనిమిదేళ్లు నడిచింది, ఒక్క దినం నిలబళ్లేదు."

బాయిలరు రేకుల కింద ఒక మూల నిలబడి ఉంది. మనిషెత్తు ఇనప పీపా. కింద కట్టెలు వేసే నోరు, పక్కన నీటిమట్టం చూపే గాజు గొట్టం, పైన ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు గడియారం. దాని పక్కనే ఇత్తడి సేఫ్టీ వాల్వు. ఒత్తిడి హద్దు దాటితే తనంతట తానే తెరుచుకుని ఆవిరిని బయటికి వదిలేది అదే. బేరానికి వచ్చేవాళ్లకు చూపించడానికి మంట వేసి ఉంచారు. వాల్వు అంచున సన్నగా ఆవిరి చిమ్ముతూ బుస్సుమంటోంది.

ఆ చప్పుడు చెవిన పడగానే ఓబుళప్ప రేకుల అంచునే ఆగిపోయాడు.

"ఈ వాల్వు కారతాండాదే?" అంది ఉమాదేవి.

"కొంచెం కారుతుందమ్మా, అదేం రోగం కాదు. దీని మంచీ చెడ్డా చూసేది మా మనిషి. వాణ్ణే అడుగు. ఏయ్, తిరుపాలూ!"

పిలిచినా ఎవరూ రాలేదు. "వానికి ఒక చెవు పనిచెయ్యదు," అంటూ సుబ్రహ్మణ్యం ఇంకా పెద్దగా కేకవేశాడు. కట్టెల కుప్ప వెనక నుంచి ఒక మనిషి లేచి నిలబడ్డాడు. ముఖం ఎడమ సగం ముడతలు పడి, మెరుస్తూ ఉంది. ఎడమచేతి చివరి రెండు వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. చేతిలోని కట్టెను జాగ్రత్తగా కింద పెట్టి, దుమ్ము దులుపుకుంటూ వచ్చాడు. యాభై దాటి ఉండవు గానీ, ఓబుళప్ప కన్నా ముసలివాడిలా నడిచాడు.

"బాగుండావా అన్నా?" అన్నాడు ఓబుళప్పతో. నిన్న మొన్న చూసిన మనిషిని పలకరించినట్టే అడిగాడు.

ఓబుళప్ప తల ఊపాడు.

ఉమాదేవి మాత్రం ఒక్క అడుగు వెనక్కి వేసింది. "ఈయప్పనా మీ బాయిలరు చూసేది?" అని సుబ్రహ్మణ్యాన్ని అడిగింది.

"ఎనిమిదేళ్ల నుంచి. ఏం, తెలుసా మీకు?"

తిరుపాలు ఆమె ముఖం చూశాడు. పలకరించబోయి మానుకున్నాడు. జేబులోంచి పానా తీసి బాయిలరు కడుపు మీద మెల్లగా రెండు చోట్ల తట్టాడు. ఒక చోట ఖంగుమంది. ఇంకోచోట దబ్బుమని మొద్దుగా మోగింది.

"ఇన్యావా మ్మా? ఆ పక్క లోపల సున్నం పట్టింది. ఇది మీకు వద్దు," అన్నాడు.

సుబ్రహ్మణ్యం ముఖం మాడిపోయింది. "ఏమిరా, నా ఉప్పు తింటా నా బేరమే చెడగొడతావా?"

"అమ్మేది నువ్వు సామీ. అడిగింది నన్ను గదా," అని తిరుపాలు ఉమాదేవి వైపు తిరిగాడు. "ఈడ మాకు మంచినీళ్లు కాబట్టి ఎనిమిదేండ్లు వచ్చింది. హిందూపురం బోరునీళ్లు పోస్తే ఆరు నెలలు రాదు. ఇంగ ఆ వాల్వు. అది కారతాండాదంటే మార్చల్ల. కారనీలే అని ఊరుకోకూడదు. కారకుండా మూసేది అయితే అసలుకే..."

"నువ్వు చెప్తాండావా నాకు?" అంది ఉమాదేవి.

ఆ గొంతు విని తొట్ల దగ్గర ఒకామె తల తిప్పి చూసింది.

"మంట ఏసి పండుకున్నావే, ఆ పొద్దు యాడ పోయింది ఈ తెలివి? ఒక మనిషి పాణం తీసినావు. మా నాయన ఆ దినం నుంచి ఇట్ల అయిపాయ. షెడ్డుకు తాళం ఏసి, ఇంట్లో మూల కూచుని, ఎవరితోనూ మాట్లాడకుండా... అదంతా నీ నిద్ర వల్ల. ఈ పొద్దు వచ్చి నాకు వాల్వు గురించి చెప్తాండావా?"

తిరుపాలు పానాను అంగీ కొసతో తుడిచి జేబులో పెట్టుకున్నాడు. ఓబుళప్ప వైపు చూడను కూడా చూడలేదు. చూసి ఉంటే ఆయన ఈసారి కూడా తప్పించుకునేవాడేమో. కళ్లు దించుకుని, పద పాపా పోదాం అనేసి బయటపడేవాడేమో. పన్నెండేళ్లుగా చేస్తున్నది అదే. కానీ ఆ మనిషి చూడలేదు, అడగలేదు, తిట్టిన తిట్లన్నీ తనవే అన్నట్టు నిలబడ్డాడు. ఇంకొక్క రోజు కూడా ఈ బరువు మోయడం తనవల్ల కాదని ఓబుళప్పకు అప్పుడే తెలిసొచ్చింది. పశ్చాత్తాపం అందామంటే అంత పెద్ద మాట కూడా కాదు. అలసిపోయాడు, అంతే.

"డమ్మీ ఏసింది నేను," అన్నాడు.

గొణిగినట్టు వచ్చింది మాట. ఉమాదేవి తండ్రి వైపు తిరిగింది. తిరుపాలు కుడిచెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"ఇనపల్యా అన్నా. ఎడం చెవు పోయింది గదా. ఇట్లొచ్చి, రోంత గట్టిగ చెప్పు."

ఓబుళప్ప రెండడుగులు వేసి అతని కుడిపక్కకు వెళ్లాడు. మళ్లీ చెప్పాడు. తిరుపాలు తల అడ్డంగా ఊపాడు. మూడోసారి ఓబుళప్ప గుండెల్లో ఉన్న గాలంతా కూడగట్టుకుని అరిచాడు.

"సేఫ్టీ వాల్వు తీసేసి దాని తావులో డమ్మీ బిగించింది నేనేరా తిరుపాలూ! ఈ చేతుల్తోనే బిగించినా!"

తొట్లలో నీళ్ల చప్పుడు ఆగిపోయింది. ఆడవాళ్లు నలుగురూ నూలు చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడ్డారు.

ఒకసారి గొంతు పెగిలాక ఓబుళప్ప ఆగలేకపోయాడు. ఆయుధపూజ ముందురోజు. పూజకు బండ్లు మెరవాలని లారీలన్నీ కడిగించుకోవడానికొచ్చి, షెడ్డు ముందు నుంచి రోడ్డు మలుపు దాకా నిలబడ్డాయి. వాల్వు రెండు రోజుల నుంచి కారుతోంది. ఆవిరంతా బయటికి పోయి, నీళ్లు కాగడం లేదు. డ్రైవర్లు అరుస్తున్నారు. కొత్త వాల్వు బెంగళూరు నుంచి రావాలి, పండగ పోతే గానీ రాదు. ఒక్క పూటే కదా అనుకున్నాడు. తెల్లవారక ముందే లేచి, ఎవరూ చూడకుండా వాల్వు ఊడదీసి, ఆ రంధ్రానికి డమ్మీ అనే ఇనప బిరడా బిగించాడు. బయటికి దారి లేకుండా మూసేశాడు.

"వీడు రెండు దినాలు కన్ను మూయకుండా పనిజేసినాడు పాపా. తూలి పడతాండాడు. పోయి ఒక గంట నడుం వాల్చు, మంట నేను చూసుకుంటా అన్యాను. నేనే పంపించినా. తనంతట తాను పోలేదు. నేను మంట కాడ కూచున్యా. ఒక లారీ యజమాని టీకి పిలిచినాడు. రోడ్డు దాటి పోయినా. గ్లాసు ఇంకా నోటి కాడికి తీసుకోలేదు..."

పేలుడు మాట దాటేసి పోలీసుల సంగతికి వచ్చాడు.

"పోలీసోళ్లు వచ్చి, మంట ఎవరు చూస్తాండిరి అన్యారు. దినామూ చూసేది తిరుపాలే గదా. తిరుపాలు అన్యాను. యాడుండాడు అన్యారు. పండుకోనుండె అన్యాను. రెండు మాటలే. రెండూ అబద్ధాలు కావు. అప్పుడు అదే అనుకున్యా, అబద్ధం చెప్పలేదు గదా అని."

ఉమాదేవి తండ్రినే చూస్తూ నిలబడింది. ఆమె ముఖంలో కోపం లేదు. కోపం వచ్చి ఉంటే ఓబుళప్పకు కాస్త ఊరటగా ఉండేది.

చివరికి ఆమె తిరుపాలును అడిగింది. "నీకు తెలుసునా?"

"తెలుసు మ్మా. చప్పుడుకు లేచి పరిగెత్తినా. సురేంద్రను లాగేకి పోయినప్పుడే ఇట్ల కాలింది. పగిలిన పీపా ముక్క కాళ్లకు తగిలింది, దానికి డమ్మీ బిగించి ఉండాది. వాల్వు ఉండాల్సిన తావులో డమ్మీ ఏంటికుండాదో నాకు తెలియదా?"

"మళ్ల ఏంటికి చెప్పలేదు? పన్నెండేండ్లు!"

"నోరు తెరిచి మాట్లాడేకి నాకు రెండు నెలలు పట్టింది," అన్నాడు తిరుపాలు. "నాకు మాట వచ్చేతలికి అందరూ మాట్లాడేది అయిపోయింది. ఇంగ నన్ను అడిగేవాళ్లే ల్యాకపాయ."

"నరసక్కకన్నా చెప్పిండొచ్చు గదా."

నరసక్క తిరుపాలు భార్య. చనిపోయిన సురేంద్రకు అక్క.

"చెప్పినా. ఫస్టు ఆమెకే చెప్పినా. తప్పు చేసినోడు ఇంగేం చెప్తాడు అనింది. తమ్మున్ని పోగొట్టుకుని ఉండాది, దాన్నేమంటాం? పరిగికి, వాళ్లమ్మ ఇంటికి పోయింది. ఈ పొద్దుకూ నన్ను గడప తొక్కనియ్యదు." అప్పుడు మొదటిసారి అతను ఓబుళప్ప కళ్లలోకి చూశాడు. "నా మాట దానికి పనికి రాదన్నా. నీ మాట పనికొస్తాది. పోయి చెప్పు. ఈ పొద్దే పో. రేపంటే నువ్వు పోవు."

ఓబుళప్ప సరేనని తల ఊపాడు.

సుబ్రహ్మణ్యం గొంతు సవరించుకుని, "బాయిలరు సంగతి..." అని మొదలుపెట్టాడు. ఎవరూ తనవైపు చూడకపోయేసరికి మెల్లగా గది లోపలికి పోయాడు.

ఉమాదేవి కట్టెల కుప్ప మీద కూర్చుంది. తిరుపాలును క్షమించమని అడగాలని ఆమెకు ఉంది. ఎలా అడగాలో తెలియలేదు. ఓబుళప్పకు అది తెలిసింది, కూతురు కదా. కడకు ఆమె సంచిలోంచి చిన్న పుస్తకం తీసి, పెన్ను మూత విప్పి, "అయితే ఏం కొనల్లో నువ్వే చెప్పు తిరుపాలన్నా," అంది. "మొదటి నుంచి చెప్పు. నాకు ఏమీ తెలియదనుకో."

తిరుపాలు ఆమెకు ఎదురుగా గొంతుకూర్చున్నాడు. బాయిలరు ముందు నీళ్లు చూసుకోవాలన్నాడు. ఉప్పునీళ్లను మెత్తబరిచే సాఫ్ట్‌నర్ పెట్టందే ఏ యంత్రమూ కొనవద్దన్నాడు. అద్దాల మీద తెల్లమచ్చలు పడేదీ, గొట్టాల్లో సున్నం పట్టేదీ ఒకే నీళ్ల వల్ల. అది సరిచేస్తే రెండూ పోతాయి. కార్లకు సోలారు నీళ్లు చాలు. గ్రీజు పనికి మాత్రం చిన్న డీజిలు మిషను, నీళ్లు చిమ్మే గన్ను నొక్కినప్పుడే అవి కాగి బయటికి వచ్చేది.

"ఆవిరి నిలవ ఉండే పీపా నీకు వద్దు మ్మా. చవకని చెప్పి ఎవరు ఇచ్చినా వద్దు. మనిషికి ఓపిక ఎప్పుడూ ఒకే తీరుగ ఉండదు. పండగ దినం ఉండదు, రెండు దినాలు నిద్ర ల్యాకపోతే ఉండదు. మనం మరిచిపోయినా మనుషులను చంపని మిషను కొను."

ఉమాదేవి ఆ మాటను కూడా రాసుకుంది.

*

తిరుగుదారిలో పెనుకొండ వచ్చింది. బస్టాండు ముందు ఆమె బండి పక్కకు తీసి ఆపింది. మధ్యాహ్నం రెండు దాటినా ఎండ తగ్గలేదు. ఇంజను ఆపాక లోపల ఉక్కపోత ఎక్కువైంది.

"దిగు నాయనా," అంది.

ఓబుళప్ప అర్థంగాక చూశాడు.

"పరిగి మీద పోయే బస్సు ఇప్పుడు వస్తాది. నేను విజయ్ కుమార్ కాడికి పోయి, ఇంగొక నెల గడువు అడుక్కోవల్ల. సాఫ్ట్‌నర్ వచ్చినాకే షెడ్డు తెరుస్తా. ఒప్పుకుంటే ఒప్పుకుంటాడు, ల్యాకుంటే ల్యా."

"నువ్వు రావా పాపా?"

"రాను. నేను జతకుంటే ఆమె నా ముఖం చూసి ఊరుకుంటుంది. ఆడకూతురు ముందర పెద్దాయప్పను ఏమంటాంలే అనుకుంటుంది. నిన్ను ఎవరూ అట్ల కాపాడకూడదు ఈ పొద్దు. నీ మాట నమ్మి ఆ మనిషిని నేను ఏమేమన్యానో నువ్వు పక్కనే నిలబడి ఇన్యావు. దిగు నాయనా."

దిగాడు. వ్యాను కదిలి, మలుపు తిరిగి, కనపడకుండా పోయింది. బస్టాండు నీడలో సిమెంటు బల్ల మీద కూర్చున్నాడు. ఆకలి వేయలేదు. పక్కన ఎవరో ముసలామె, "యా ఊరప్పా?" అని అడిగితే, హిందూపురం అన్నాడు. హిందూపురం బస్సు ఒకటి వచ్చి ఎదురుగా ఆగింది. అది ఎక్కితే నేరుగా ఇంటికి పోవచ్చు. కండక్టరు రెండుసార్లు పిలిచాడు. ఓబుళప్ప తల అడ్డంగా ఊపి, పరిగి బస్సు కోసం ఇంకో ముప్పావుగంట కూర్చున్నాడు.

*

పరిగిలో నరసక్క ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఊరి చివర గొర్రెల దొడ్డి పక్కన ఒంటి గది ఇల్లు. ఆమె అరుగు మీద కూర్చుని చేటలో విత్తనానికి శెనిక్కాయలు ఒలుస్తోంది. తల నెరిసింది. గుర్తుపట్టడానికి ఆమెకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

"ఓబుళప్పన్నా," అంది. "కూచో."

"కూచోను నరసక్కా. నిలబడే చెప్తా."

నిలబడే చెప్పాడు. ధర్మవరంలో అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. ఇక్కడ అరవాల్సిన పని లేదు. వాల్వు, డమ్మీ, తిరుపాలును పడుకోమని పంపడం, టీకి పోవడం, పోలీసులతో చెప్పిన రెండు మాటలు. ఏదీ దాచలేదు, ఏదీ మెత్తగా చెప్పలేదు. ఆమె వింటూనే కాయలు ఒలిచింది. పొట్టు ఒక పక్కకు, గింజలు ఒక పక్కకు పడుతూనే ఉన్నాయి. సురేంద్ర పేరు వచ్చినప్పుడు మాత్రం చెయ్యి ఆగి, మళ్లీ కదిలింది.

చెప్పడం అయిపోయాక ఆయన ఎదురుచూశాడు. చేట విసిరికొడుతుందనుకున్నాడు. మన్నెత్తి పోస్తుందనుకున్నాడు. కొడితే కొట్టించుకోవాలని దారిలోనే అనుకుని వచ్చాడు.

"అయితే ఆయప్ప చెప్పింది నిజమే," అంది నరసక్క, తనతో తాను అనుకున్నట్టు.

"నిజమే."

"జొరంతో వణుకుతా వచ్చినాడు ఒకసారి. కాలిన పుండ్లు ఇంకా మానలేదు. ఈడనే, నువ్వు నిలబడిన తావులోనే నిలబడినాడు. నీళ్లు అడిగినాడు. ఇయ్యల్యా నేను." ఆమె కొంగుతో ముఖం తుడుచుకోలేదు. కన్నీళ్లు వాటంతట అవే ఆరిపోయేదాకా అలాగే కూర్చుంది. "పన్నెండేండ్లప్పా. గుక్కెడు నీళ్లు ఇయ్యల్యా."

ఓబుళప్ప అరుగు అంచున కూర్చున్నాడు. చెప్పాల్సింది చెప్పేశాను, ఇంక ఆమె ఏమన్నా పడతాను అనుకున్నాడు. చాలా ఏళ్ల తర్వాత ఆయన ఛాతీలో కాస్త ఖాళీ ఏర్పడినట్టయింది. ఇంటికి పోయి పడుకుంటే నిద్ర పడుతుందేమో అన్న ఆశ కూడా ఒక్క క్షణం కలిగింది.

నరసక్క చేట పక్కన పెట్టింది.

"నాకు చెప్పేది అయిపాయ. ఇంగొకరికి చెప్పేది ఉండాది," అంది.

"తిరుపాలుకు చెప్పినా నరసక్కా. నా కూతురికి కూడా..."

"వాళ్లు కాదు." ఆమె సందు మొగవైపు చూసింది. బడి వదిలినట్టున్నారు, నీలం బట్టలేసుకున్న పిల్లలు గుంపుగా వస్తున్నారు. అందులోంచి ఒక పిల్ల విడివడి ఇటు నడిచింది. సన్నగా, పొడుగ్గా ఉంది. నడిచేటప్పుడు కుడిభుజం కాస్త ముందుకు వస్తోంది. లారీ మీదికి నీళ్లగన్ను పట్టుకుని నిలబడినప్పుడు సురేంద్ర భుజం అచ్చం అలాగే ముందుకు వచ్చేది.

"మా తమ్ముడు పోయిన నాలుగు నెల్లకు పుట్టింది," అంది నరసక్క. "వాళ్లమ్మ ఇంగొక పెండ్లి చేసుకునె. నేనే పెంచినా. స్వాతి అని పేరు. మా నాయన ఎట్ల పోయినాడత్తా అని అడుగుతాది, తెలివొచ్చిన కాడ్నుంచి అడుగుతాది. మీ మామ నిద్రపోయినాడు, అందుకే పోయినాడు అని చెప్పి పెంచినా. ఇంగ నాకు ఆ మాట చెప్పేకి నోరు రాదు."

పిల్ల అరుగు దగ్గరికి వచ్చింది. కొత్త మనిషిని చూసి ఆగి, అత్త ముఖం చూసింది.

"ఎవరత్తా?"

"మీ నాయన పనిజేసిన షెడ్డు ఈయప్పదే. మీ నాయన పోయిన దినం ఆడనే ఉండె. నువ్వు అడిగేదంతా ఈ తాతను అడుగు," అని నరసక్క లేచి, ఇంట్లోకి పోయి, వాకిలి దగ్గరగా వేసుకుంది.

స్వాతి పుస్తకాల సంచి దించి గోడకు ఆనించింది. ఎండకు కమిలిన ముఖాన్ని చేతితో తుడుచుకుని, ఓబుళప్పకు ఎదురుగా నేల మీద మఠం వేసుకుని కూర్చుంది. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన మనిషి ఇప్పుడు దొరికినట్టు ఆయన ముఖంలోకే చూసింది.

"చెప్పు తాతా," అంది.